తాళం వేసిన ఇంటి రేషన్ కార్డు

చోడవరం మండలంలో పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారుగా నేను చేరింది పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో. రేషన్ డిపోల తనిఖీ, కార్డుల విచారణ నా పని. చేరిన వారానికే వరసగా మూడు నెలలు బియ్యం తీసుకోని కార్డుల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. గ్రామ రెవెన్యూ అధికారి ఇంటింటికీ వెళ్ళి చూసి రాసిన దాని మీద నేను సంతకం పెడితే కార్డు రద్దుకు వెళుతుంది.

వడ్డాది రోడ్డులో ఒక శివారు పల్లె నుంచి పదకొండు కార్డులున్నాయి. పైడమ్మ అనే వృద్ధురాలి పేరు ఎదుట ‘ఇంటికి తాళం, ఊళ్ళో లేరు’ అని రాసి ఉంది. కళ్ళు మూసుకుని సంతకం పెట్టేశాను. ఆ తప్పు నాదే, ఇంకొకరి మీదికి నెట్టను.

జాబితా పైకి పంపేలోపు పది ఇళ్ళకు ఒక ఇల్లయినా నేను స్వయంగా చూడాలి. రోడ్డుకు దగ్గరని పైడమ్మ ఇల్లు ఎంచుకున్నాను. తాళం నిజమే. వెనక్కి తిరుగుతుంటే లోపలి నుంచి కేక వినిపించింది.

“ఎవుల్రా అది? సూరమ్మ పొలానికెల్లింది. తాళం సెవి దానికాడే ఉంది!”

కిటికీలోంచి తొంగి చూస్తే, లోపల ఉన్నది పైడమ్మే. ఆమెకు చిన్నప్పుడే పోలియోతో కాళ్ళు పడిపోయాయి. లేచి తలుపు వేసుకోలేని మనిషి కనుక, కుక్కలు దూరకుండా పక్కింటి సూరమ్మ బయట తాళం వేసి పనికి వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి తీస్తుందట. బియ్యం ఎందుకు తీసుకోలేదని కిటికీలోంచే అడిగాను.

“డిపో మూడు కిలోమీటర్లు. ఆటోవోడు నన్నెక్కించుకోడానికి ఇసుక్కుంతాడు. ఏలిముద్ర నాదే కావాలంతారు. నానెలా వస్తాను బాబూ? సూరమ్మెట్టిన గంజే తాగతన్నాను. పాపం, అదెన్నాళ్ళెడతాది?”

మిగతా పది ఇళ్ళూ ఆ పూటే తిరిగాను. నిజంగా ఊరు విడిచినవారు ఇద్దరే. తక్కినవారు చూపు ఆననివారూ, మోకాళ్ళు పట్టేసినవారూను. పైడమ్మతో కలిపి ఆ తొమ్మిది కార్డులనూ పైకి పంపకుండా ఒక నెల ఆపాను.

బియ్యమే వాళ్ళ ఇళ్ళకు తీసుకువెళ్దామనుకున్నాను, కానీ వేలిముద్ర యంత్రాన్ని అనుమతి లేకుండా డిపో దాటించకూడదు. అడిగితే, అలా అనుమతి ఇచ్చే రూలు లేదన్నారు తహసీల్దారు గారు. ఇవ్వకూడదన్న రూలైనా చూపించండి సార్ అన్నాను, కాస్త గట్టిగానే. నెలకొక రోజుకు అనుమతి వచ్చింది. ఇక బండేదండీ అన్నాడు డిపో డీలరు. రోజూ పొద్దున్నే ఆ పల్లెకు వెళ్ళే పాల ఆటో డ్రైవరును అడిగాం.

“కాళీ క్యాన్లతోటే కదండీ ఎల్తన్నాను, ఎక్కించెయ్యండి!” అన్నాడు.

మరుసటి నెల క్యాన్ల మధ్య బియ్యం, కాటా, యంత్రం పెట్టుకుని వెళ్ళాం. పైడమ్మ వేలిముద్ర పడలేదు. చేతులు ఆనించి నేల మీద జరిగి జరిగి గీతలు అరిగిపోయాయి. ఆ నెలా పడకపోతే కార్డు దక్కదు. తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్క వేలే పెట్టించాం. ఏడో వేలికి యంత్రం ఒప్పుకుంది.

“సూసేరా, నానున్నాను!” అని అరిచింది పైడమ్మ. “ఒసే సూరమ్మా, ఈయేళ మా ఇంట్లోనే నీకు అన్నం!”

సంతోషం పట్టలేకపోయాను. తొమ్మిది కార్డులూ నిలిచాయి. నేను పదవి దిగేదాకా ఆ పాల ఆటో ఒక్క నెలా తప్పలేదు.

బియ్యం తీసుకోని మనిషికి బియ్యం అక్కర్లేదని అర్థం కాదు. ఆ తర్వాత ఏ తాళం ముందైనా రెండుసార్లు గట్టిగా పిలిచి, జవాబుకు ఆగి, అప్పుడే సంతకం పెట్టాను.