రాజన్న దుర్బీను, నేను చూడని అరుంధతి

గంగవ్వా, బీపీ గోలీ వేసుకున్నావా? ఖాళీ కడుపున వేసుకోకు.

యూసుఫ్ భాయ్, నిన్నటి నుంచి ఏమైనా తిన్నావా?

గలాలీ రూములో ఉన్న తమ్ముళ్లూ, మీ అందరికీ ఒంట్లో ఎలా ఉంది? ఛాతీలో కాస్త బరువుగా ఉన్నా గ్యాస్ అనుకోకండి. డాక్టరుకు చూపించుకోండి.

నిన్న పొద్దున నా బిడ్డ ఫోన్ చేసింది. సల్మానియా ఆసుపత్రిలో నర్సు డ్యూటీ తనది. "అమ్మా, కూసున్నవా, నిలబడ్డవా?" అంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

రాజన్న లేడట. నిద్రలోనే గుండె ఆగిందట.

నేను రోజూ పది మందికి ఏదో అవుతుందని భయపడతాను. ఆ పది మందిలో రాజన్న ఎప్పుడూ లేడు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. రాజన్న మా జగిత్యాల వైపు మనిషి. ఇక్కడ గల్ఫ్‌లో, వర్క్‌షాపులో లేత్ మెషీన్ నడిపేవాడు. గంగవ్వ ఆయన భార్య, ఊళ్లో ఉంటుంది. యూసుఫ్ భాయ్ గలాలీ రూములో ఆయన రూమ్మేట్. నేను బట్టలు కుట్టి బతికిన మనిషిని. నన్ను అక్కా అనేవాడు.

అవాలిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే, పాత సామానులో రాజన్నకు ఒక దుర్బీను దొరికింది. టెలిస్కోపు. మనిషంత గొట్టం, అడుగున అద్దం, చెక్క కాళ్లు. దానికి నా వయసు ఉంటుంది.

గొట్టం బాగానే ఉంది. స్టాండుతోనే తిప్పలు.

ఆ స్టాండులో ఒక ఇరుసు ఉంది. అది ధ్రువ నక్షత్రం వైపు తిరిగి ఉంటేనే, ఒక్క చక్రం తిప్పుతూ చుక్క జారిపోకుండా చూడొచ్చట.

"గిది ఇంగ్లాండుల చేసిండ్రక్కా. ఆడ ధ్రువుడు బాగ ఎత్తుల ఉంటడు. ఈడ కిందికుంటడు. దీని మెడ వంచాలె" అన్నాడు.

యూసుఫ్ భాయ్ నమాజు చదివి వచ్చి చూసి, "రాజన్నా, నీ గొట్టం కిబ్లా తప్పింది" అన్నాడు. కిబ్లా అంటే వాళ్లు నమాజు చేసే దిక్కు.

"దీని కిబ్లా ధ్రువుడే భాయ్. నీ దిక్కు నీది, దీని దిక్కు దీనిది."

ఇనుప పలకలు కోసి, వాలుగా వెల్డింగ్ చేసి స్టాండు మెడ కింద పెట్టాడు. మెడ వంగేసరికి గొట్టం ముందుకు తూలింది. యూసుఫ్ భాయ్ అడ్డం పడి ఆపాడు. తర్వాత రాజన్న ఆ పక్క కాలు పొడుగు చేశాడు. వెనక ఎదురు బరువు కావాలంటే నేను జీన్ గుడ్డతో ఇసుక సంచీ కుట్టిచ్చాను. అది చిరిగి ఎవరి కాలి మీద పడుతుందోనని, దాని మీద ఇంకో సంచీ తొడిగాను.

"అక్క భయమే రెండు కిలోలున్నది" అని నవ్వాడు.

అంత పని ఎవరి కోసం చేశాడో చెప్పాలి. నా కోసం.

నా పెళ్లి మిట్టమధ్యాహ్నం జరిగింది. అయ్యగారు పైకి చూపించి "అరుంధతి కనిపించిందా?" అని అడిగారు. ఎండ తప్ప ఏమీ లేదు. "కనిపించింది" అన్నాను. అందరూ అంటారు కదా.

పన్నెండేళ్లకే మా ఆయన పోయాడు. ఆ అబద్ధం వల్లేనని నాకు ఈరోజు వరకూ భయం.

ఎవరికి చెప్పినా నవ్వారు. రాజన్న కూడా ముందు నవ్వాడు. "మా గంగవ్వ అయితే రెండు కనబడ్డయన్నది, అక్కా!"

తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపాడు.

"నీకు నేను సూపెడత. అప్పుడు అబద్ధం ఖలాస్."

నాకు మోకాళ్లు వంగవు. కంటికి ఆపరేషన్ అయింది. అందుకని గొట్టం పక్కన కన్ను పెట్టి చూసే చోటు నేను కుర్చీలో కూర్చున్నా అందేలా, గొట్టాన్ని ఉన్నచోటే దొర్లించుకునే కడియాలు చేశాడు. వాటి లోపల నా జాకెట్ ముక్కల మఖ్మల్ అంటించాం. చక్రం నా చేతికి అందదని పొడుగు పిడి పెట్టాడు. వాళ్ల రూము మిద్దె మీద మూడు కాళ్ల చోట్లా పెయింటుతో గుర్తులు వేశాడు.

గంగవ్వా, ఆయన చూసి నాకు చెప్పిన మాట నీకు చెబుతున్నాను. అరుంధతి పక్కనున్న వశిష్ఠుడు దుర్బీనులో ఒకడు కాదట, రెండు చుక్కలట. "గంగవ్వ అబద్ధమాడినా రెండన్నది నిజమే అయింది" అని ఎంత మురిసిపోయాడో.

నన్ను రెండు సార్లు పిలిచాడు.

మొదటిసారి దుమ్ము గాలి అన్నాను. పోయిన శుక్రవారం మెట్లెక్కలేనన్నాను.

మెట్లు కాదు. చూసినా కనబడకపోతే నా గతేమిటని భయం. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

"ఏం గాదక్కా. సుక్క యాడికి బోతది? వచ్చే శుక్రవారం సూద్దాం" అన్నాడు.

రూము తమ్ముళ్లూ, ఒక్క మాట. ఆయన్ని ఊరికి పంపే కాయితాలు మీరంతా తిరిగి చేయిస్తున్నారు, మీకు పుణ్యం ఉంటుంది. దుర్బీను మాత్రం కిందికి దించకండి. గుర్తుల మీద నుంచి కాళ్లు జరపకండి. గుడ్డ కప్పి ఉంచండి, గాలికి పోకుండా నాలుగు పక్కలా కట్టండి.

చుక్కను పట్టడం యూసుఫ్ భాయ్‌కి నేర్పాడట. నా బిడ్డ చెయ్యి పట్టి మెట్లెక్కిస్తానంది.

కనిపిస్తే కనిపించిందంటాను. కనిపించకపోతే, రాజన్నా, లేదనే చెబుతాను. నీ దగ్గర అబద్ధం ఆడను.

నువ్వు నెమ్మదిగా పడుకో తమ్ముడూ. నీ ఆత్మకు ఏ బరువూ లేకుండా శాంతి కలగాలి.

ఈ శుక్రవారం, మగ్రిబ్ నమాజు అయి చీకటి పడగానే, మిద్దె మీదికి వస్తున్నాను.