జీపుకు నాలుగంగుళాలు

తనకు మోకాళ్ళున్నాయన్న సంగతే మనిషికి గుర్తుండని వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాణ్ణి, బస్సు ఆగకముందే దిగేవాణ్ణి, ప్రహరీ గోడకు గేటు ఎందుకు పెడతారో నిజంగా అర్థం కాని మనిషిని. ఇప్పుడు మంచం దిగడానికి కూడా ఒకసారి ఆలోచించుకుంటున్నాను కాబట్టి, ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే కోపం రాదు, అలసట వస్తుంది. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు మంచి మాటలు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. అప్పట్లో వాడికి చెప్పినవాళ్ళు తక్కువేమీ కాదు.

పాతికేళ్ళు కావస్తోంది. సిద్దిపేటలో డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో నాకు మొదటి ఉద్యోగం. నారాయణరావుపేట వైపు రైతుల దగ్గరికి వెళ్ళి, పైపుల గొప్పతనం చెప్పి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి రావడం నా పని. దానికి మోటారు సైకిలు చాలు. నేను మాత్రం ఒక పాత జీపు కొన్నాను. పైన గుడ్డ టాపు, పక్కలకు తలుపులు లేవు. మా బాపు (మగ్గం నేసే మనిషి, ఒక్క పోగు వృథా అయినా ఊరుకోడు) దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "వాన పడితే నాన్తవ్, ఎండ కొడితే మాడ్తవ్. గిదేం బండిరా?" అన్నాడు. నన్ను కాసింది అవ్వ, అంటే మా అమ్మ. "కొననీ తియ్. నేను ముందల కూసుంట" అంది. ఆమె మద్దతుకు షరతు అదొక్కటే.

ఆ షరతు వెనక ఒక కారణం ఉంది. ఏళ్ళ తరబడి నేల మీద కూర్చుని, రాట్నం తిప్పి, బాపు మగ్గానికి కండెలు చుట్టిన అవ్వకు మోకాళ్ళు అప్పటికే మాట వినడం మానేశాయి. నారాయణరావుపేటలో ఆమె అక్క, అంటే మా పెద్దవ్వ, నడుము పడిపోయి మంచంలో ఉంది. ప్రతి ఆదివారం అవ్వ వెళ్ళి అక్క తల దువ్వి, జడ వేసి, వారం రోజుల ముచ్చట్లు చెప్పి రావాలి. కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళడం ఆమెవల్ల కావడం లేదు. జీపు వచ్చాక ముందు సీట్లో కూర్చుని, పైన రాడ్డు పట్టుకుని, కొంగు నడుముకు బిగించి, దారిలో తెలిసినవాళ్ళందరినీ పలకరించుకుంటూ వెళ్ళేది. తెలియనివాళ్ళను కూడా. ఆరు నెలలు అలా హాయిగా గడిచాయి. హాయిగా నడుస్తున్నదాన్ని ఇంకా బాగు చేయాలని మనిషికి ఎందుకనిపిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్టాండు వెనక నెట్ సెంటరు ఒకటి కొత్తగా తెరిచారు. అందులో జీపుల ఫోటోలు చూశాను. బండరాళ్ళ మీద, బురదలో, వాగుల మధ్యలో నిలబడ్డ జీపులు, కింద నుంచి మేక నిటారుగా నడిచిపోయేంత ఎత్తున్నవి. బయటికి వచ్చి చూస్తే నా జీపు చతికిలబడి కూర్చున్నట్టు కనిపించింది. దాన్ని లేపాలి అనుకున్నాను. ఎంత లేపాలన్నదీ ఆ కంప్యూటర్లోనే చదివాను. రోడ్డు మీద తిరిగేవాళ్ళకు రెండంగుళాలకు మించి అవసరం లేదని, నాలుగంగుళాలు కొండలెక్కేవాళ్ళ సంగతని అందరూ విడమరిచి రాశారు. నా దారి ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి నారాయణరావుపేట, అంతా తారు రోడ్డు. బురద అంటారా, ఆఫీసు ముందు నల్లా పైపు పగిలి ఇరవై గజాల మేర ఉండేది (అదీ మునిసిపాలిటీ వాళ్ళు చూడనంత కాలమే). ఇన్నీ ఆలోచించి నాలుగంగుళాలే కావాలని తీర్మానించుకున్నాను.

మెదక్ రోడ్డు వైపు ఒక కమాన్ల షెడ్డు ఉండేది. బండి బరువంతా మోసే ఇనుప పట్టీల కట్టలను కమాన్లంటారు. వాటిని విప్పి కట్టడంలో ఆ షెడ్డు చాచాను మించినవాడు లేడని లారీ డ్రైవర్లందరూ చెప్పేవారు. నేను వెళ్ళేసరికి నలుగురు డ్రైవర్లు చాయ్ తాగుతూ అక్కడే నిలబడి ఉన్నారు. చాచా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"యాడ నడుపుతవ్ బేటా?"

"అన్ని జాగల చాచా. గుట్టలు, వాగులు."

చాచా వంగి నా టైర్లు చూశాడు. వాటికి తారు తప్ప మరేమీ అంటుకుని లేదు.

"ముందల ఎవరు కూసుంటరు?"

"ఎవరు కూసోరు. నేనొక్కణ్నే."

ఎందుకన్నానో చెబుతాను. 'మా అవ్వ కూసుంటది' అంటే ఆ నలుగురు డ్రైవర్ల ముందు నా గుట్టలూ వాగులూ ఏం కావాలి? పెద్ద అబద్ధమేం కాదనుకున్నాను. అవ్వ వారానికి ఒక్కరోజే కదా ఎక్కేది.

చాచాకు ఒక పద్ధతి ఉంది. బండి ఎత్తు పెంచే ముందు, అందులో ఎక్కేవాళ్ళను గోడ పక్కన నిలబెట్టి "కాలు లేపు" అంటాడు. దేన్నీ పట్టుకోకుండా పాదం ఎంత ఎత్తుకు లేస్తే అక్కడ గోడ మీద మేకుతో గీత గీస్తాడు. బండి మెట్టు ఆ గీతకు పైన ఉండకూడదన్నది ఆయన లెక్క. నేను పాదాన్ని దాదాపు నడుము దాకా లేపి, దించకుండా పట్టుకుని, డ్రైవర్ల వంక చూశాను. "సర్కస్‌ల పని చేస్తవా?" అన్నాడు చాచా, గీత గీస్తూ.

రెండు రోజుల్లో జీపు లేచింది. కమాన్లకు అదనంగా పట్టీలు వేశాడు, చివర్లకు పొడుగు బిళ్ళలు బిగించాడు, షాకప్స్ మార్చాడు. ఇంటికి తెచ్చేలోపే తెలిసింది, మలుపు తిరిగితే బండి ఒక పక్కకు ఒరుగుతోంది, స్టీరింగు నేను చెప్పిన చోటికి కాస్త ఆలోచించుకుని వెళుతోంది, కింద షాఫ్టు కిర్రు కిర్రుమంటోంది. పట్టీలు ఎంత గట్టిగా ఉన్నాయంటే సిద్దిపేట వీధుల్లో స్పీడు బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో నా వెన్నుపూసలను అడిగితే చెబుతాయి. వీటన్నిటికంటే ఎక్కువ అలసిపోయింది జవాబులు చెప్పి. కనిపించిన ప్రతివాడూ ఆపి "ఎందుకు లేపినవ్?" అనేవాడు. "గ్రౌండ్ క్లియరెన్స్" అనేవాణ్ణి. "అంటే?" అనేవాడు. "కింద జాగ" అనేవాణ్ణి. "కింద జాగ ఏం చేస్కుంటవ్?" అనేవాడు. దీనికి జవాబు ఆ నెట్ సెంటర్లో ఎవరూ రాయలేదు.

ఆదివారం వచ్చింది. అవ్వ పెద్దవ్వ కోసం కొబ్బరి నూనె సీసా, దువ్వెన సంచిలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చి, జీపును చూసి ఆగిపోయింది. బాపు లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేసి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు (ఆ పీట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది). అవ్వ పీట ఎక్కింది. అప్పటికే కిరాణా దుకాణం తాత వచ్చాడు, ఇస్త్రీ బండి ఆయన వచ్చాడు, ఆటో ఆపి డ్రైవరు దిగాడు. "ఎడమ కాలు ముందు పెట్టుమను" అన్నాడు తాత. "కాదు కాదు, ఎన్కకు తిరిగి కూసుంటే పని అయిపోతది" అన్నాడు ఇస్త్రీ ఆయన. అవ్వ ఇద్దరి మాటా మన్నించింది. ఎడమ కాలు లోపల, కుడి కాలు పీట మీద, ముఖం వీధి వైపు పెట్టి మధ్యలో చిక్కుకుంది. నేను స్టీరింగు వైపు నుంచి వంగి ఆమె చెయ్యి లాగబోతే నా మోచెయ్యి హారన్ మీద పడింది. అంతవరకు బయటికి రానివాళ్ళు ఎవరైనా ఉంటే అప్పుడు వచ్చారు. చీర అంచు పీట కాలి కింద ఇరుక్కుంది, పీట ఒరిగింది, ఆటో డ్రైవరు పట్టుకోకపోతే ఏమయ్యేదో. అవ్వ కిందికి దిగి, చీర సర్దుకుని, అందరితో పాటు తనూ నవ్వింది. "ఇయ్యాల వద్దు తియ్ కొడుకా. వచ్చే వారం పోదం" అంది. ఆమె నవ్వింది కదా అని నేనూ నవ్వాను.

తర్వాతి ఆదివారం "కందులు ఎండవెట్టిన, కోతులొస్తయ్" అంది. ఆపై వారం తలనొప్పి అంది. మూడో వారం మురుకుల డబ్బా నా చేతికిచ్చి, "నువ్వు పోయి అక్కకిచ్చి రా" అంది. నేను నమ్మాను. నమ్మడం నాకు సులువుగా ఉంది మరి.

పెద్దవ్వ మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడుకు ఇటు తిరిగి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని గుమ్మం వైపు చూసింది. తల చిక్కులు పడి ఉండలు కట్టి ఉంది. నెల రోజులుగా ఎవరూ దువ్వినట్టు లేదు.

"మీ అవ్వకు నా మీద కోపమొచ్చిందా బిడ్డా? నేనేమన్న అంటినా?"

"కోపమేం లేదు పెద్దవ్వా. జీపు ఎత్తయింది, ఎక్కరాక..."

"జీపు ఎట్ల ఎత్తయితది?"

"నేనే లేపించిన."

"ఎందుకు బిడ్డా?"

అందరికీ చెప్పిన మాటే చెప్పబోయి ఆమె తల వంక చూశాను. ఇరవై గజాల బురద కోసం ఒక మనిషి తల నెల రోజులు చిక్కులు పడి ఉందని అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది. దువ్వెన తీసుకుని నేనే దువ్వబోయాను. రెండు చిక్కులు విడదీసేసరికి పెద్దవ్వ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "నువ్వొద్దు బిడ్డా, నీకు పైపులే మంచిగొస్తయ్" అంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్ళాను. "చాచా, దించాలె."

"గుట్టలు, వాగులు అయిపాయెనా?"

"ముందల మా అవ్వ కూసుంటది."

చాచా పానా కింద పెట్టాడు. "గదే మాట ఆ దినం చెప్తే నాకు రెండు దినాల కష్టం తప్పుతుండె గద బేటా" అని, "పోయి ఆమెను తీస్కరా" అన్నాడు.

అవ్వ ఆటోలో వచ్చింది. గోడ పక్కన నిలబడి, అక్కడున్న నా గీతను చూసి, "గిదెవరిది, ఒంటెదా?" అంది. తర్వాత కొంగు బిగించి కాలు లేపింది. ఎంతో సేపు లేపినట్టు అనిపించింది గాని లేచింది జానెడు, పైన రెండు వేళ్ళు. "గింతనే లేస్తది భయ్యా" అంది, తప్పు చేసినదానిలా. చాచా కూర్చుని చాలా జాగ్రత్తగా అక్కడ గీత గీశాడు.

"లేపిందంత తీసేస్తా. కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేస్తా. ఒక్క అంగుళం మాత్రం ఉంచుత బేటా, నీ ఇజ్జత్ కోసం."

వద్దని చెప్పబోయాను. "ఉంచు భయ్యా, పోరడు మనసు పడ్డడు" అంది అవ్వ.

ఆ ఆదివారం అవ్వ రెండు మెట్లెక్కి, ముందు సీట్లో కూర్చుని, నారాయణరావుపేట వెళ్ళి, మధ్యాహ్నం దాకా అక్క తల చిక్కులు తీసింది. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల ఇద్దరూ నన్ను తిట్టుకుంటూ నవ్వుకోవడం వినిపిస్తూనే ఉంది.

అవ్వ లేదు, పెద్దవ్వ లేదు. జీపు ఉంది, ఆ ఒక్క అంగుళంతో సహా. పోయిన నెల మా బిడ్డ (ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు) ఫోనులో ఏవో వీడియోలు చూసి, "బాపూ, జీపు రెండంగుళాలు లేపుదం. మనం తిరిగేది రోడ్డు మీదనే గద, గంతకంటె ఎక్కువద్దు" అంది. వినగానే నడుము నొప్పి మొదలైంది. అయినా వెంట వెళ్ళాను. షెడ్డులో పని ఇప్పుడు చాచా కొడుకు చేస్తున్నాడు. చాచా తెల్లగడ్డంతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన ఇద్దరు డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు.

"ముందల ఎవరు కూసుంటరు బేటీ?" అన్నాడు చాచా.

"మా బాపు. మోకాళ్ళ నొప్పులున్నయ్ చాచా, జర చూసి చెయ్యుమను" అంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. డ్రైవర్ల వైపు చూడనే లేదు.

చాచా నన్ను గోడ వైపు పిలిచాడు. మసి పట్టిన సున్నం మీద రెండు గీతలూ అలాగే ఉన్నాయి. పైదాని వంక చూసి, అంత దూరం వద్దులే అనుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కాలు లేపాను. పాదం అవ్వ గీత దగ్గర ఆగింది. చాచా జేబులోంచి మేకు తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఉన్నదే సరిపాయె బేటా."

"లేపుడొద్దు చాచా" అంది మా బిడ్డ. "ఉన్న మెట్టు తుప్పు పట్టింది, కొత్తది పెట్టిస్తే చాలు."

సాయంత్రానికి పని అయిపోయింది. మా బిడ్డ స్టీరింగు ముందు కూర్చుంది. నేను రెండు మెట్లెక్కి ముందు సీట్లో కూర్చుని, పైన రాడ్డు పట్టుకున్నాను. దారిలో తెలిసినవాళ్ళందరినీ పలకరించుకుంటూ వచ్చాను. కోమటి చెరువు దాటాక తెలియనివాళ్ళను కూడా.