సన్మానమయ్యాక మళ్ళీ రైలెక్కిన మా అమ్మమ్మ

రైలును కనిపెట్టినాయన పేరు మా స్కూలు పుస్తకంలో ఉండేదట. ఆ పాఠం వచ్చేలోపే నేను బడి మానేశాను కాబట్టి ఆయనెవరో నాకు తెలియదు. రైలెక్కడం కనిపెట్టింది మాత్రం మా అమ్మమ్మ రాహేలు. అంతకుముందు జనం రైల్లోకి దూరేవారు, తోసుకునేవారు, వేలాడేవారు. దాన్ని ఎక్కడం అనరు. బుట్టలు సీటు కిందికి పోవాలి, చంటిపిల్లల తల్లులు కిటికీ పక్కకు పోవాలి, ముగ్గురి బల్ల మీద నలుగురు కూర్చోవాలి, ఆ నాలుగోమనిషి సన్నగా ఉంటే ఐదోమనిషికీ చోటు దొరకాలి. ఇవన్నీ రేపల్లె ప్యాసింజరులో అమ్మమ్మ పెట్టిన చట్టాలు. రైల్వేవాళ్ళు వాటిని అచ్చువేయించకపోవడం వాళ్ళ బద్ధకం.

ఆమె ఉద్యోగం బాపట్లలో, ఓ ప్రభుత్వ ఆఫీసులో అటెండరు. ఇల్లు రేపల్లెలో. రెండు ఊళ్ళకీ మధ్య సూటిగా బస్సుంది. కానీ అమ్మమ్మకు బస్సు పడదు. బస్సు హారను వింటేనే నిమ్మకాయ కోసం వెతుక్కునే మనిషి. అందుకని పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి తెనాలి వెళ్ళేది, అక్కడ వంతెన దాటి ఇంకో రైలెక్కి బాపట్లలో దిగేది. సాయంత్రం మళ్ళీ అదే తిరుగుడు. ఎదురింటికి వెళ్ళడానికి ఊరంతా చుట్టొచ్చినట్టు ఉండేది ఆ ప్రయాణం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా అమ్మ సారా చూస్తున్నది ఇదే.

పోయిన వానాకాలంలో తెనాలి వంతెన మెట్ల మీద అమ్మమ్మ కాలు జారింది. మోకాలు గుమ్మడికాయంత అయింది. అమ్మ ఇక ఊరుకోలేదు. బాపట్ల వెళ్ళి ఆఫీసరుగారి ముందు కూర్చుని, కాస్త ఏడ్చి, కాస్త బతిమాలి, రేపల్లెలోనే ఉన్న వాళ్ళ చిన్న ఆఫీసుకు అమ్మమ్మను పంపించే ఏర్పాటు చేయించుకొచ్చింది. ముందు ఒక్క నెల. ఆ నెలాఖరులోపు అమ్మమ్మ ఉంటానంటే రిటైరయ్యేదాకా రేపల్లెలోనే ఖాయం. వద్దంటే తిరిగి బాపట్ల. ఆ తరువాత మనసు మార్చుకోవడానికి వీల్లేదు.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. అందరికంటే ఎక్కువ సంబరపడింది విజయసారథిగారు. ఆయన తెనాలిలో ఇన్సూరెన్సు ఆఫీసు గుమాస్తా, వేమూరులో రైలెక్కుతారు. మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే మాట్లాడే మనిషి. ఎవరికి ఏ మంచి జరిగినా సన్మానం చెయ్యాలన్నది ఆయన వ్రతం. అమ్మమ్మ ఆఖరి రోజున సాయంత్రం రైల్లో దండ వేయించారు, శాలువా కప్పించారు, అందరూ చందాలేసుకుని కొన్న గోడ గడియారం చేతిలో పెట్టారు. "ఈ రైలు ఉన్నంతకాలం..." అని ఉపన్యాసం మొదలుపెట్టారు. అది సగంలో ఉండగానే వేమూరు వచ్చింది. దిగాల్సిన మనిషి దిగకుండా భట్టిప్రోలు దాకా వచ్చి ముగించారు. అమ్మమ్మను కూడా నాలుగు మాటలు మాట్లాడమంటే, "అందరూ జాగర్తగా ఎక్కండి, జాగర్తగా దిగండి" అని కళ్ళు తుడుచుకుంది.

రేపల్లె ఆఫీసులో మొదటివారం హాయిగా గడిచింది. మోకాలి వాపు తగ్గింది. పొద్దున తీరిగ్గా పేపరు చదివింది. రెండోవారం నుంచి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మొదలుపెట్టింది. గొడవంతా అక్కడే వచ్చింది.

మా తాతయ్య మార్కు రైసుమిల్లు లారీ నడిపి మానేసిన మనిషి. అమ్మమ్మ రైళ్ళ పుణ్యమా అని ఆ ఇంట్లో వంటగది ఎప్పుడో ఆయన పరమైంది. ఆయన కట్టిచ్చిన డబ్బానే అమ్మమ్మ ఇన్నేళ్ళూ బాపట్లలో తిన్నది. ఇప్పుడు పొయ్యి దగ్గరికే వచ్చి మూత తీసి చూసింది.

"ఏంటయ్యా ఇది, చేపల పులుసా, కాలవనీళ్ళా?"

"ఇన్నాళ్ళూ డబ్బాలో పెడితే లొట్టలేసుకుంటా తిన్నావుగా!"

"రైల్లో ఊగీ ఊగీ పోతే ఆకలి దంచేసిద్ది. అప్పుడు ఏది పెట్టినా తింటాం."

"అయితే పోయి రైల్లోనే తిను."

అది ఒక్కరోజుతో ఆగలేదు. మర్నాడు ఉప్పు, ఆ మర్నాడు చింతపండు. అసలు కారణం పులుసు కాదని అమ్మమ్మకు లోపల తెలుసు. ఆఫీసులో ఒక కుర్ర గుమాస్తా, టీ కాస్త ఆలస్యమైనందుకు, "మీ వయసుకి ఇది మీవల్ల కాదులెండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని బయలుదేరితే ఇల్లు ఒక్క వీధి అవతలే. మాట ఇంకా వేడి మీద ఉండగానే గుమ్మం వచ్చేసేది. ఎదురుగా గరిటె పట్టుకుని తాతయ్య కనిపించేవాడు.

"ఆఫీసులో ఎవర్ని తిట్టాలో చెప్పు, నేనే పోయి తిట్టొస్తా. నన్నొదిలెయ్యవే తల్లీ," అన్నాడాయన ఒకరోజు, చేతులు జోడించి.

దానికి తోడు ఊళ్ళోవాళ్ళు. బాపట్లలో ఆమె ఎవరి చుట్టమో ఎవరికీ తెలియదు. రేపల్లెలో అందరికీ చుట్టమే. నోట్లో బ్రష్షు పెట్టుకుని పెరట్లో నిలబడితే గోడ మీదుగా తల ఒకటి లేచేది: "రాహేలక్కా, మా కాగితం కదిలిందా?" ఆదివారం చర్చిలో ఆరాధన అయి బయటికొస్తే చెప్పులు వేసుకునేలోపు ముగ్గురు చుట్టుముట్టేవారు. అందరికీ ఆమె మార్కుగారి భార్య, సారావాళ్ళమ్మ, వరసకు అక్క, పిన్ని. రైల్లో మాత్రం ఆమె రాహేలు. అక్కడ ఆమె జరగమంటే పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా జరిగేవారు.

నెలాఖరు దగ్గరపడింది. తిరిగి బాపట్ల వెళ్తానని చెప్పడానికి అమ్మమ్మకు మోకాలు ఒక్కటే అడ్డమైతే ఎలాగో సర్దిచెప్పుకునేది. అసలు అడ్డం ఆ సన్మానం. అంత ఘనంగా సాగనంపించుకుని మళ్ళీ ఆ పెట్టెలోకే ఏ మొహం పెట్టుకుని ఎక్కడం? అత్తారింటికి పంపిన పెళ్ళికూతురు సాయంత్రానికి సంచితో తిరిగొచ్చినట్టు ఉండదూ? ధైర్యం చేసి కూతురి ముందు మాట కదిపి చూసింది.

"పరువు పోయిద్దమ్మా," అంది మా అమ్మ. "దండేయించుకున్నావు. శాలువా కప్పించుకున్నావు. గడియారం తెచ్చి గోడకి కొట్టించావు. నేను ఆఫీసరుగారి దగ్గర ఏడ్చిన ఏడుపు ఏం కావాలి? మళ్ళీ ఆ మెట్లెక్కి పడతానంటావా?"

అమ్మమ్మ ఒకరోజు సెలవు పెట్టి, ఆఫీసరుగారికి స్వయంగా చెప్పొస్తానని బయలుదేరింది. ఏం చెబుతుందో ఎవరూ అడగలేదు. రేపల్లెలోనే ఉంటానని చెబుతుందనుకున్నారు. ఆమెకే ఇంకా తేలలేదని ఎవరికీ తెలియదు. సంచిలో మాత్రం పాత పేపరు చుట్టిన గోడ గడియారం ఉంది. ఒకవేళ అవసరమైతే తిరిగిచ్చెయ్యడానికి.

తనవాళ్ళు ఎక్కేది వెనక పెట్టె. అందుకని ఇంజను పక్క పెట్టె ఎక్కింది. చీర కొంగు ముసుగేసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏం జరిగినా నోరెత్తకూడదని గట్టిగా నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం రేపల్లె సిగ్నలు దాటేదాకా నిలబడింది.

ఎదురుగా కాలేజీ కుర్రాడొకడు పక్కసీట్లో తన సంచి పెట్టుకుని ఫోను చూసుకుంటున్నాడు. నిజాంపట్నం నుంచి ఎండుచేపల బుట్టతో వచ్చిన ముసలామె నిలబడి ఊగుతోంది. అమ్మమ్మ పెదాలు బిగించింది. కిటికీలోంచి పొలాలు చూసింది. దేవుణ్ణి తలుచుకుంది. ఇక లాభం లేకపోయింది.

"బాబూ, ఆ సంచికి టికెట్టు కొన్నావా?"

కుర్రాడు ఉలిక్కిపడి సంచి తీశాడు. ముసలామె కూర్చుంది. బుట్ట సీటు కిందికి పోయింది. "నువ్వు కాస్త జరుగమ్మా. ఇంకాస్త. ఊపిరి తరవాత పీల్చుకుందువుగాని. ఇదిగో పెద్దాయనా, ఇటు రండి!" ఒకసారి తాళం తీశాక గొంతు ఆగదు కదా. రైలు భట్టిప్రోలులో ప్లాట్‌ఫారం వెంట మెల్లగా వస్తుండగా, ఆ పెట్టె కిటికీల్లోంచి వచ్చే కేకలు విని ఒకావిడ చేతిలో గొడుగు జారవిడిచింది. ఆవిడ వైదేహి టీచరు. బాపట్ల బడిలో పాఠాలు చెబుతుంది, ఇన్నేళ్ళూ అమ్మమ్మ పక్కసీటు ఆవిడదే. గొడుగు తీసుకుని పరిగెత్తుకొచ్చి ఆ పెట్టెలోకే ఎక్కింది.

"రాహేలుగారూ! ముసుగు మొహానికి వేశారుగానీ గొంతుకు వెయ్యడం మర్చిపోయారండి."

అమ్మమ్మ కొంగు ఇంకా కిందికి లాక్కుని, "నేను కాదు," అంది.

తెనాలిలో దిగేసరికి విజయసారథిగారికి కబురు అందనే అందింది. బాపట్ల బండి రావడానికి ఇంకా టైముంది. ఆయన ఆఫీసు సంగతి మరిచిపోయి ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయారు.

"అమ్మా, తమరిని... సాగనంపేశాం కదమ్మా!"

"అదే సారథిగారూ నా బాధ," అంటూ అమ్మమ్మ పేపరు పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "ఇదిగోండి మీ గడియారం. శాలువా ఉతికిచ్చేస్తా. మళ్ళీ ఈ బండికే రావాలనిపిస్తాంది. నవ్వితే నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. విజయసారథిగారైతే కోర్టులో జడ్జీలా ఆలోచనలో పడ్డారు. "చేసిన సన్మానం వెనక్కి తీసుకున్న ఆనవాయితీ నాకు తెలిసి ఎక్కడా లేదమ్మా. తీసుకుంటే సభ పెట్టాలి, అధ్యక్షులుండాలి, వక్తలుండాలి..."

"ఆగండి సారథిగారూ," అంది వైదేహి టీచరు. ఆవిడ మొహంలో సరదా లేదు. "రాహేలుగారూ, సన్మానం సంగతి తరవాత. మోకాలి సంగతి చెప్పండి. ఆ మెట్ల మీద మిమ్మల్ని లేపి కూర్చోబెట్టింది నేను. ఊళ్ళో ఉద్యోగం, ఇంట్లో వేడన్నం. నాకిస్తే ఎగిరి గంతేస్తానండి. పొద్దున లేచింది మొదలు ఈ పెట్టెల్లో ఊగడం దేనికి మీకు?"

అమ్మమ్మ కొంగు తీసి నడుముకు దోపుకుంది.

"మోకాలు నొప్పేనమ్మా. కాదనను. కానీ అక్కడ ఆఫీసులో ఎవడో ఒక మాటంటాడు. బయటికొస్తే ఎదురుగా ఇల్లే. ఆ మాటని ఎక్కడ పారెయ్యను? తీసుకెళ్ళి మా ఆయన నెత్తిన వేస్తన్నా. పాపం, పులుసు బాగానే పెడతాడు. ఇక్కడైతే బాపట్లలో పడ్డ మాట మీకు చెప్పుకుంటా వచ్చేదాన్ని. వేమూరు దాటేసరికి దాని మీదే మీరంతా నవ్వేవాళ్ళు. నేను ఇంటికి ఖాళీగా పోయేదాన్ని."

పక్కన పల్లీలమ్మే అతను, "అది నిజమేనండి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"అయితే ఒక షరతు," అంది టీచరు చివరికి. "ఆ సంచి నాకివ్వండి. రేపట్నుంచి మెట్ల దగ్గర ఎప్పుడూ నాకే ఇవ్వాలి."

ఇన్నేళ్ళ స్నేహంలోనూ అమ్మమ్మ తన సంచి ఎవరి చేతికీ ఇచ్చిన మనిషి కాదు. అమ్మమ్మ సంచి తీసి ఇచ్చింది.

విజయసారథిగారు గడియారం పొట్లాన్ని అందులో మళ్ళీ పెట్టేసి తీర్పు చెప్పారు. సన్మానం రద్దు కాదు. రిటైర్మెంటు సన్మానం అడ్వాన్సుగా జరిగినట్టు లెక్క. "కాకపోతే అప్పుడు మళ్ళీ శాలువా అడక్కూడదమ్మా!" ఈ మాట చెప్పడానికి కూడా ఆయన చెయ్యి పైకెత్తి నిలబడ్డారు.

అమ్మమ్మ వంతెన కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది. సగంలో ఆగింది. కింద బాపట్ల బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. ఇదివరకైతే ఆ మాట వినగానే ఉరికేది. ఈసారి రొప్పు తీరేదాకా నిలబడి, "పోతే ఇంకో బండి వచ్చిద్దిలే," అంది. బండి పోలేదు, వీళ్ళు ఎక్కాకే కదిలింది.

బాపట్లలో ఆఫీసరుగారు తల ఎత్తి, "ఏం రాహేలమ్మా, రేపల్లే ఖాయం చేసుకున్నట్టేనా?" అన్నారు.

"లేదండి. నేను ఇక్కడికే వచ్చేస్తానండి."

"అంత దూరం నుంచా?"

"అవునండి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెప్పింది. మా అమ్మ రెండు రోజులు మాట్లాడటం మానేసింది, మూడోరోజు మోకాలికి వేసుకునే పట్టీ కొనుక్కొచ్చి మంచం మీద పడేసి వెళ్ళింది. తాతయ్య గోడకు మేకు అలాగే ఉంటే గడియారం తగిలించి, వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి కేకేశాడు: "రేపు డబ్బాలో ఏం పెట్టమంటావు?"

ఇప్పుడు మళ్ళీ పొద్దున్నే రైలు, తెనాలి మెట్లు, బాపట్ల. నిన్న ఆమె మోకాలికి పట్టీ బిగించుకుంటుంటే నేను పక్కన చేరాను. "అమ్మమ్మా, నిజం చెప్పు. రోజులో సగం దారిలోనే పోతోంది. ఇంత దూరం పోయిరావడం నీకు లాభమా, నష్టమా? తేల్చి చెబితే రాసుకుంటా."

ఆమె పట్టీ బిగించి, కాలు ఒకసారి చాచి చూసుకుని, లేచి డబ్బా సంచిలో పెట్టుకుంది.

"ముందు నువ్వు ఏదో ఒక పనిలో చేరవే. దూరమో, దగ్గరో అప్పుడు మాట్లాడదాం."