రన్‌వే మీద మిరపకాయలు

దేశ రక్షణకు మిరపకాయలు అడ్డం పెట్టిన ఆడది ఎవరైనా ఉందంటే అది నేనే. నవ్వదలుచుకుంటే ఇప్పుడే కానివ్వండి, తర్వాత తుమ్ములకే సరిపోతుంది.

మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగం మీద జహీరాబాద్ వచ్చిన కొత్తలో, మా ఇంటి యజమానురాలు పద్మక్కకి రోజూ మా కోస్తా గొప్పలు వడ్డించేదాన్ని. కోహీర్ దగ్గర పొలాలున్న మనిషి, ఓపికగా వినేది. డిగ్రీలో చరిత్ర చదివిన నోరు నాది. అన్నం లేకపోయినా ఆగుతుంది, వాదన లేకపోతే ఆగదు.

ఆ వేసవిలో మా తమ్ముడి పెళ్ళికి ఆవిణ్ణి మా ఊరు తీసుకెళ్ళాను. అక్కడ ఏడాదికి సరిపడా ఎండుమిర్చి కొని బస్తా కట్టించుకుంది. ఎక్కడ పెట్టనంటే, డాబా మీద పెట్టమన్నాను. మాకు ఎండాకాలం వానలు పడవని హామీ కూడా ఇచ్చాను. వాన నా హామీ వినలేదు. తెల్లారేసరికి బస్తా తడిసి ముద్దయింది, పెరడంతా బురద, సాయంత్రానికే మా తిరుగు ప్రయాణం.

"గీ మిర్చి బూజు పడితె సాలంత సప్పగ తినాల్నా చెల్లె?" అంది పద్మక్క.

అప్పుడు నాలో చరిత్ర నిద్రలేచింది. మా ఊరి చివర సముద్రం ఒడ్డున విమానాల మైదానం ఉంది. యుద్ధకాలంలో జపానువాళ్ళు వస్తారని భయపడి తెల్లదొరలు వేశారు. జపానువాళ్ళు రాలేదు, దొరలు ఉండలేదు, మిగిలిన సిమెంటు మా తాతలకి మిర్చి కల్లమైంది. తాతలు రన్‌వే మీద మిరపకాయలు ఎండబెట్టారు, నా మూతి ఘాటు చూడండి అన్నట్టు బయల్దేరాను.

"ఆడ మిలటరీ ఉంటది గద?" అని ఆటోలో పద్మక్క అడిగింది.

"మేకలు తప్ప ఏమీ దిగవక్కా" అన్నాను. నేను దాన్ని చివరిసారి చూసింది లంగా ఓణీల నాడు.

దిగి చూస్తే ఆకాశానికి నిచ్చెన వేసినంత కంచె, గేటు, తుపాకీ. ఈలోగా దాన్ని బాగుచేసి పైలట్లకి శిక్షణ ఇస్తున్నారట. తుఫానొస్తే మునిగిన ఊళ్ళకి బియ్యం మూటలు ఎగిరేదీ అక్కణ్ణుంచేనట. ఇది ఆటోవాడితో సహా ఊరందరికీ తెలుసు, చరిత్రకారిణికి తప్ప.

బుద్ధున్న మనిషైతే ఆటో తిప్పించేది. నేను దిగి, కాపలా సైనికుడికి రెండో ప్రపంచ యుద్ధం మొదలుకొని పాఠం చెప్పాను. నా హిందీకి అతను తుపాకీ సర్దుకున్నాడు. అంతా విని ఒకటే అడిగాడు, బస్తాలో ఏముందని.

"మా తాతల హక్కు" అన్నాను.

కుక్కని తెచ్చారు. అది బస్తా వాసన చూసి, తుమ్మి, జీపు కిందికి దూరి, మళ్ళీ రానంది. దాంతో అధికారి బస్తా మొత్తం కుమ్మరించి ఒక్కొక్క కాయా చూడమన్నాడు. గేటు ముందు కాలే సిమెంటు మీద పట్టా పరిచి, నలుగురు సైనికులు తుమ్ముకుంటూ కూర్చున్నారు. పైన విమానం ఉరుముతోంది. కింద నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. జైలుకు పోతే పెళ్ళివారి ముందు పరువేంగాను?

పద్మక్క మాత్రం వాళ్ళ పక్కనే చతికిలబడి, తన జహీరాబాద్ ఉర్దూలో నెమ్మదిగా అంది: "జర ఉల్టా కర్కే బీ దేఖో భయ్యా."

వాళ్ళు తిప్పి కూడా చూశారు పాపం. ఎండ నడినెత్తి దాటేసరికి కాయలు గలగలమంటున్నాయి. అధికారి నన్ను కడిగిపారేసి, బస్తా నింపించి ఇచ్చాడు.

ఆటో కదిలాక పద్మక్క బస్తా మూతి బిగిస్తూ అంది: "నువ్వు చెప్పింది నిజమే చెల్లె. గీడ మస్తు ఎండుతయి. మా దిక్కు గింత మంచిగ తిరగేసే కూలోళ్ళు దొరకరు."

కాబట్టి పాఠకులారా, అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తుపాకీ పట్టుకున్న మనిషి బస్తాలో ఏముందని అడిగితే, మిరపకాయలు అని మాత్రమే చెబుతాను.