పొద్దు వాలితే ఆగే లారీ

మా నాన్నకి రేవు పట్నంలో ఇంకో కాపురం ఉందని మా వీధిలో చెప్పుకునేవారు. నాన్న లారీ డ్రైవరు. మిగతా లారీలు రాత్రంతా నడిచి తెల్లారేసరికి సరుకు దింపుకుంటే, ఆయన లారీ పొద్దు వాలగానే ఎక్కడో ఆగిపోయేది. క్లీనరును కూడా పెట్టుకునేవాడు కాదు. సాక్షి ఉండకూడదనే అని పాలావిడ తేల్చేసింది. చివరికి మూలింటి అత్తయ్య కళ్లారా చూసివచ్చింది.

"వంతెన మీద, దీపాలు పెట్టే వేళకి. నెత్తిన శాలువా కప్పుకుని ఎవతో ఆయన పక్కన అతుక్కుని కూర్చుంది. చెవిలో ఏదో చెబుతోంది కూడా," అని కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. అమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది.

నా చిన్నప్పటి సెలవులన్నీ ఆ లారీలోనే గడిచాయి. బడి మూయగానే నాన్న తమ్ముడినీ నన్నూ ఎక్కించుకునేవాడు. సీటు వెనక చెక్క మీద మేమిద్దరం, కాళ్ల దగ్గర రొట్టెల సంచీ. ఇంజను వేడికి అరికాళ్లు చుర్రుమనేవి. రేవులో చూసిన సముద్రం నాకు అంతగా గుర్తులేదు. సాయంత్రాలు బాగా గుర్తున్నాయి. ఒక పెట్రోలు బంకు వెనక ఖాళీ స్థలంలో నాన్న లారీ ఆపేవాడు. దాటిపోయే డ్రైవర్లు హారన్ కొట్టి, "ఏం బాబాయ్, అప్పుడే పడకా?" అని అరిచేవారు. నాన్న చెయ్యి ఊపేవాడు. మా కోసమే ఆపాడని నేననుకునేదాన్ని.

టార్పాలిన్ పరిచి, టీ తాగి, మసక చీకట్లో దాగుడుమూతలు ఆడేవాళ్లం. ఎప్పుడూ నాన్నే దొంగ. మేము దాక్కోవాల్సిన పని కూడా ఉండేది కాదు. ఎదురుగా ఊపిరి బిగబట్టి నిలబడితే చాలు, చేతులు చాపుకుని మమ్మల్ని దాటుకుంటూ వెళ్లిపోయేవాడు. మా నాన్నంత బాగా నటించేవాడు లేడని తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

ఒక ఏడు అమ్మ కూడా వస్తానంది. సముద్రం చూడాలనుందని చెప్పింది. మంచి చీర కట్టుకుంది. రేవులో మాత్రం సముద్రం వైపు చూడలేదు. గోదాము ఊడ్చే ఆవిడని చూసింది, టీ కొట్టావిడని రెండుసార్లు చూసింది.

"ఆ కొట్టావిడకి మీరు బాగా తెలిసినట్టుందే."

"నేనెవరో ఆవిడకేం తెలుసు. లారీ నంబరు తెలుసు."

తిరుగు దారిలో బంకు దగ్గర ఆగాం. ఆట మొదలైంది. అమ్మ నవ్వుతూ లేచి, గ్లాసుతో నీళ్లు పట్టుకుని నాన్నకి ఎదురుగా నిలబడింది. ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురుంది. నాన్న చెయ్యి గ్లాసు పక్క నుంచి పోయింది. మళ్లీ పోయింది. తమ్ముడు పడీపడీ నవ్వుతున్నాడు. అమ్మ నవ్వడం ఆపేసింది.

తర్వాత వాళ్లిద్దరూ లారీ వెనక్కి వెళ్లారు. చక్రం పక్కన కూర్చున్న నాకు అంతా వినిపించింది.

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. రేచీకటి. చిన్నప్పుడు సాయంత్రమైతే అక్క చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేది. లైసెన్సు ఇచ్చిన రోజు ఎండ బాగా కాసింది."

"వీధిలో మీ గురించి ఏమంటున్నారో తెలుసా?"

"తెలుసు. అననీ. ఆడదాని దగ్గర ఆగానంటే ఓనరు నవ్వి ఊరుకుంటాడు. కళ్లు కనిపించవంటే తాళాలు లాక్కుంటాడు."

"మీకేం, మీరు రోడ్డు మీద ఉంటారు. కుళాయి దగ్గరికి వెళ్లేది నేను."



మరుసటి ఏడు ఓనరు సిమెంటు మానేసి చేపలు వేయడం మొదలుపెట్టాడు. ఐసు కరగకముందే సరుకు చేరాలి. చీకటి పడ్డాక కూడా కొంత దూరం నడపక తప్పేది కాదు. దీపాల వెలుగులో ముందున్న రోడ్డు కనిపించేదట, అంచులు కనిపించేవి కావట. ఒకసారి విరిగిన పక్క అద్దంతో ఇంటికొచ్చాడు. తోపుడు బండి వాడు ఎగిరి కాలవలో దూకి బతికాడని చెప్పాడు.

"పగటి బండి అడగండి," అంది అమ్మ.

"అడిగాను. పగలే ఎందుకన్నాడు. ఏం చెప్పమంటావు?"

మర్నాడు నేను బడికి జడ వేసుకుంటుంటే అమ్మ వచ్చి దువ్వెన తీసుకుంది. కాసేపు ఊరికే దువ్వింది.

"సెలవులకి నాన్నతో వెళ్లేదానివిగా. ఇదీ అలాగే అనుకో."

"తమ్ముడు వెళ్లొచ్చుగా?"

"వాడు చిన్నాడు, బండెక్కితే నిద్రపోతాడు. నీకు కళ్లు మంచివి. మాట తక్కువ. ఎవరికీ చెప్పవు."

అది నిజమే, నేను ఎవరితోనూ సరిగా మాట్లాడను. ఆ లారీలో మాట్లాడినంత నా జన్మలో ఇంకెక్కడా మాట్లాడలేదు. ఎడమ సైకిలు. గొయ్యి. మనిషి, ఆగు నాన్నా, మనిషి. ఇంజను మోతలో వినపడాలంటే ఆయనకి దగ్గరగా జరగాలి. చిన్నపిల్ల కనిపిస్తే తనిఖీ దగ్గర ఆరా తీస్తారని నాన్న అమ్మ శాలువా కప్పుకోమన్నాడు. అదే బంకు ముందు నుంచి వెళ్లేవాళ్లం. ఆగేవాళ్లం కాదు. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "ఏమైనా తిన్నావా?" అని అడిగేవాడు. బడి గురించి ఎప్పుడూ అడగలేదు.

తమ్ముడు చదువుకున్నాడు. ఇప్పటికీ స్నేహితులకి ఆ సెలవుల గురించే చెబుతాడు. నాన్న నడకని అనుకరించి చూపిస్తే వాళ్లు తెగ నవ్వుతారు. అప్పుడు నేను వంటింట్లోకి వెళ్లిపోతాను.

కుళాయి దగ్గర నుంచి సగం బిందెతో వచ్చిన రోజు అమ్మ గడప మీదే కూలబడింది.

"చెప్పేయనా అమ్మా?"

"ఏమని చెబుతావు? నలుగురికీ తెలిస్తే ఓనరుకీ తెలుస్తుంది. ఆవిడెవరో అనుకోనీ. బండి నడుస్తోందిగా."

మూలింటి అత్తయ్య వంతెన మీద చూసింది నన్ను. నాకప్పుడు పద్నాలుగేళ్లు. కుడి పక్కన ఒక ముసలాయన నడుస్తున్నాడని నాన్న చెవిలో చెబుతున్నాను.