నేను చూస్తుంటేనే తెరుచుకున్న పేజీ

మా ఇంట్లో బ్రౌజర్లకు అసలు పేర్లు చెల్లేవి కావు. నక్క, బొంగరం, నీలం కడియం. తెర మీది బొమ్మలు చూసి మా అత్తమ్మ పెట్టిన పేర్లవి. తోక చుట్టుకుని పడుకున్నట్టుండే ఎర్రటిది నక్క. రంగురంగుల గుండ్రటిది బొంగరం. ఇంగ్లీషు అక్షరం చుట్టూ వలయం ఉన్నది నీలం కడియం. "ఇయ్యాల నక్కనా, బొంగరమా?" అని అడిగేది ఆమె, కూర ఏం వండాలని అడిగినంత మామూలుగా.

అప్పట్లో మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్లం. మా ఆయనకు పెద్దకొడప్‌గల్ వైపు ఒక ఊళ్లో బడి ఉద్యోగం. నేను కామారెడ్డిలో డిగ్రీ చదివి, హైదరాబాదులో కొంతకాలం వెబ్‌సైట్లు తయారుచేసే పని చేసి, పాప కడుపున పడ్డాక ల్యాప్‌టాప్‌తో సహా ఇంటికి వచ్చేశాను. పని మాత్రం వదల్లేదు. ఒక విత్తనాల దుకాణానికి, ఒక ఫంక్షన్ హాలుకు, ఒక ప్రైవేటు బడికి సైట్లు చేసి పెట్టాను. నెట్ డాంగిల్‌కు సిగ్నల్ మా ఇంట్లో ఒక్కచోటే అందేది, మేడమెట్ల మలుపులో. సైటు ఎక్కించాలంటే ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చోవాలి. పైకీ కిందికీ తిరిగేవాళ్లంతా నన్ను దాటుకుని వెళ్లేవారు.

పని మెళకువలు నాకు పుస్తకాల కంటే కరెంటు కోతలు, పాప కలిసి ఎక్కువ నేర్పాయి. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి కరెంటు పోతే తెర కూడా పోయేది. అందుకని వాక్యానికోసారి సేవ్ నొక్కడం అలవాటైంది. ఎంతగా అంటే, ఫోనులో మాట్లాడుతూ కూడా నా వేళ్లు బల్ల మీద సేవ్‌కు నొక్కే రెండు మీటలే వెతుక్కునేవి. కోడ్‌లో ట్యాగు అనే గుర్తు తెరిచిన వెంటనే దాన్ని మూసి, ఆ తర్వాతే మధ్యలో రాయాలి. మధ్యలో పాప లేస్తుంది కనుక. కోడ్ పక్కన నాకు నేనే తెలుగులో చీటీలు రాసుకునేదాన్ని: "ఇది తీయకు, తీస్తే మెనూ కిందికి జారుతుంది." "ఇది ఎందుకుందో తెలియదు, ఉండనీ." నిద్ర చాలని మనిషికి నిన్న రాసిన కోడ్ పరాయివాళ్లు రాసినట్టే ఉంటుంది. పాప కీబోర్డు మీద అరచేయి వేసి వెళ్లాక మాత్రం ఏదీ సేవ్ చేయకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం.

బ్రౌజర్ల మీద కూడా నాకు గట్టి అభిప్రాయాలుండేవి. నక్క నెమ్మదస్తురాలు, కానీ నమ్మదగ్గది. తప్పు ఏ వరుసలో ఉందో చెప్పేది. బొంగరం చురుకైనది, కొత్త కోడలిలా అన్నీ చకచకా చేసేది, అయితే చిన్న చిన్న తప్పులు తానే సర్దుకుపోయి నాకు చెప్పేది కాదు. నీలం కడియమంటే నాకు పడదు. కానీ నాకు పడకపోతే ఏం? కంప్యూటరు కొంటే దాంతోపాటే వచ్చేది అది. కొత్తది వేసుకోవచ్చని తెలియనివాళ్లంతా దాన్నే వాడేవారు.

ఇక నా గుణం ఒకటి చెప్పాలి. నాకు కంగారు ఎక్కువ. పాప సరిగా తినదని పగలంతా బెంగ. డాక్టరు బరువు బాగానే ఉందన్నాడు. నేను నమ్మలేదు. గిన్నె పట్టుకుని ముద్దముద్దకూ దాని నోట్లోకి తొంగిచూసేదాన్ని. అది పెదవులు బిగించేది.

"గట్ల నోట్లెకు సూస్తుంటే పిల్ల మింగుతదా? పోలీసోని లెక్క కూసున్నవ్" అనేది అత్తమ్మ.

"చూడకపోతే ఉమ్మేస్తుంది అత్తమ్మా."

"ఉమ్మనియ్యి. మీ ఆయన ఎంత ఉమ్మిండో నాకు తెలుసు. ఇప్పుడు పొట్ట సూడు."

పనిలోనూ నాది ఇదే తీరు. ఏ బ్రౌజర్ తెరిచినా ముందు తెర అడుగున పనిముట్ల కిటికీ ఒకటి తెరిచేదాన్ని. పేజీలో తప్పులుంటే కనబడేది అందులోనే. అది చాలదన్నట్టు, పేజీ చేత నాకు కబుర్లు కూడా చెప్పించుకునేదాన్ని. "మొదటి ఫొటో పెడుతున్నాను", "రెండోది పెడుతున్నాను" అని ఆ కిటికీలో ఒక్కో వరుస పడుతుంటే నాకు ప్రాణం కుదుటపడేది. సైటు చూసేవాళ్లకు ఆ కబుర్లు కనబడవు. అవి నాకోసమే.

అలాంటి రోజుల్లో కామారెడ్డి ఫొటో స్టూడియో చాచా ఒక పని చెప్పాడు. నా డిగ్రీ హాల్ టికెట్ ఫొటో తీసింది కూడా ఆయనే. గాంధారి వైపు పల్లెలో ఒక అమ్మాయి పెళ్లి. ఆ అమ్మాయికి ఒక్కడే అన్న, గల్ఫ్‌లో ఏదో కట్టడం పనిలో ఉన్నాడు. పెళ్లికి సెలవు దొరకలేదు. ఉన్నది ఒక్క చెల్లెలు, ఆ పెళ్లి కూడా కళ్లతో చూడకపోతే ఎట్లా అని అతను ఫోనులో ఏడ్చాడట. వాళ్ల క్యాంపులో భోజనాల గది పక్కన అందరికీ కలిపి ఒక పాత కంప్యూటరు ఉంది. పెళ్లి ఫొటోలు ఆ సాయంత్రమే అందులో అతనికి కనబడాలి.

"అయితది కద బేటీ?" అన్నాడు చాచా.

"ఎందుకు కాదు చాచా" అన్నాను. ఆ వయసులో అట్లాగే అంటాం.

ముందుగా, పెళ్లికి ముందు జరిగిన వరపూజ ఫొటోలతో ఒక పేజీ చేశాను. నొక్కితే ఫొటో పెద్దదవుతుంది, పక్కకు జరుగుతుంది, అంచులు మెత్తగా కరుగుతాయి. పాత కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనబడతాయి కాబట్టి పేర్లు కూడా బొమ్మలుగా మార్చి పెట్టాను. నక్కలో చూశాను, బొంగరంలో చూశాను, ముక్కు మూసుకుని నీలం కడియంలోనూ చూశాను. అన్నిట్లో చక్కగా వచ్చింది. మెట్ల మలుపులో కూర్చుని ఎక్కించేశాను.

మర్నాడే చాచా ఫోను. "బేటీ, ఆ పోరడు పరేషాన్ అయితున్నడు. తెల్లగ కనబడుతుందట. ఉత్త తెలుపు. నా కంప్యూటర్ల సూసిన, నాక్కూడ గంతే."

పెళ్లి దగ్గరికొచ్చేసింది. శుక్రవారం అతనికి సెలవు, ఆ రోజు ఫోనులో ఉండి సరిచేసుకుందామన్నాం. పాపను చంకనేసుకుని, డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను. చాచా నమాజుకు వెళ్లివచ్చి షట్టరు తీసేసరికి, చీరలు కొనడానికి వచ్చిన పెళ్లికూతురు, వాళ్ల అమ్మ కూడా స్టూడియో ముందు నిలబడి ఉన్నారు. అన్నతో మాట కలుస్తుందని వచ్చారు. ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాం.

"అక్కా, నమస్తే" అన్నాడు అతను. "నేనేం ముట్టలే, ఏం పాడుచెయ్యలే. తెల్లగనే ఉంది."

చాచా కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్కడా, క్యాంపులోనూ ఉన్నది నీలం కడియమే. దాన్ని తెరిచాను. అలవాటు ప్రకారం ముందు కింది కిటికీ తెరిచి, తర్వాత పేజీ పిలిచాను. ఫొటోలు వరుసగా వచ్చాయి. పెళ్లికూతురు సిగ్గుపడి కొంగుతో మూతి మూసుకుంది.

"వచ్చింది చాచా!" అన్నాను. అన్నీ మూసేసి లేచాను. "ఇప్పుడు మీరు చూడండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని తెరిచాడు. తెలుపు.

నేను కూర్చున్నాను. ఫొటోలు. ఆయన కూర్చున్నాడు. తెలుపు.

"నీ చేతికే పలుకుతుంది, బేటీ. నేనంటే దానికి లెక్కలేదు" అన్నాడు చాచా.

"అయితే అక్కను గల్ఫ్‌కు తోలుర్రి, వీసా తీస్త" అన్నాడు అన్న ఫోనులోంచి.

పెళ్లికూతురు నవ్వింది కానీ, ఆ వెంటనే ఫోను మీదికి వంగింది. "అన్నా, నువ్వు సక్కగ సూడు. నాకోసం సూడు. అడ్రసు అక్షరాలు తప్పు కొట్టినవేమో."

"నీ పెండ్లి పిల్లా ఇది, తప్పు కొడ్తనా నేను?"

క్యాంపు నెట్ నెమ్మదేమో అనుకున్నాను. మరి చాచాకు ఎందుకు రాదు? ఫొటోలు బరువేమో అనుకున్నాను. మరి నాకు ఎందుకు వస్తాయి? నేను చూస్తే వచ్చేది, ఆయన చూస్తే రాకపోవడమేమిటి? కోడ్ మొత్తం మళ్లీ పైనుంచి చదవసాగాను. ఒళ్లో పాప గింజుకుంటుంటే పెళ్లికూతురి అమ్మ వచ్చి ఎత్తుకుంది.

"డబ్బల ఏముంది బిడ్డా? తినిపియ్యనా?"

"తినదమ్మా, ఊరికే శ్రమ" అన్నాను, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.

చదువుతున్నాను. వెనకాల ఆమె పాపకు ఏదో గొర్రెపిల్ల సంగతి చెబుతోంది. కొంతసేపటికి డబ్బా అడుగును చెంచా గీకిన చప్పుడు వినిపించింది. అడుగు! నేను గిరుక్కున వెనక్కి తిరిగాను. పాప నోరు తెరిచి ముద్ద అందుకోబోతూ, నన్ను చూసి టక్కున పెదవులు బిగించింది.

"అగో, సూసినవా? అటు తిరుగు బిడ్డా" అంది ఆమె నన్ను కసురుతూ. "నువ్వు సూడకుంటే మంచిగనే తింటుంది."

నేను అటు తిరిగాను. తిరిగి, తెర అడుగున తెరిచి ఉన్న నా కిటికీ వైపు చూశాను. నేను కూర్చున్నప్పుడల్లా అది ఉంది. చాచా కూర్చున్నప్పుడు లేదు. క్యాంపులోనూ ఉండదు, ఎవరు తెరుస్తారు? ఇంట్లో ఒక్కసారైనా అది లేకుండా పేజీని చూశానా? లేదు.

అన్నీ మూసేశాను. కిటికీ తెరవకుండా పేజీ పిలిచాను. మొదటిసారి నాకు కూడా తెలుపు వచ్చింది. ఇంత సంతోషంగా తెల్లపేజీని ఎప్పుడూ చూడలేదు.

తప్పు నేను చెప్పించుకున్న కబుర్లది. "మొదటి ఫొటో పెడుతున్నాను" అని పేజీ ఆ కిటికీతో చెప్పాలి. కిటికీ తెరిచి లేకపోయినా నక్క, బొంగరం ఏమీ అనుకోకుండా ముందుకు సాగేవి. నీలం కడియం మాత్రం, వినడానికి ఎవరూ లేరు కదా అని ఆ వరుస దగ్గరే ఆగిపోయేది. ఫొటో పెట్టడానికి ముందు వరుస అది. ఇక పెట్టేదేముంది?

కబుర్ల వరుసలన్నీ తీసేశాను. పనిలో పనిగా కరిగే అంచులు, జరిగే హంగులు కూడా తీసేసి, ఫొటోలు ఒకదాని కింద ఒకటి మామూలుగా పెట్టేశాను. ఎక్కించాక కుర్చీలోంచి లేచి చాచాను కూర్చోమన్నాను. నేను గోడకున్న పాత పెళ్లిళ్ల ఫ్రేములవైపు తిరిగి నిలబడ్డాను.

"వచ్చింది!" అన్నాడు చాచా.

ఫోనులోంచి హోరుమంటూ గల్ఫ్ గాలి చప్పుడొక్కటే.

"అన్నా?" అంది పెళ్లికూతురు. "తెల్లగనే ఉందా?"

"లేదు" అన్నాడు అతను. "అవ్వా, పచ్చ చీర... నేను పంపిందేనా?"

"గదే కొడుకా" అంది వాళ్ల అమ్మ.

"సన్నగైనవేందే నువ్వు? తింటలేవా?"

"వీనికి సముద్రం అవతలికెల్లి కూడ నా తిండే కనబడ్డది" అంది ఆమె మాతో. కానీ కళ్లు తుడుచుకుంది.

పెళ్లి ఫొటోలకు మేమొక ఒప్పందం చేసుకున్నాం. అక్కడి నుంచి మాట్లాడటం ఖర్చు కాబట్టి, పేజీ తెరుచుకుంటే అతను నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. తెరుచుకోకపోతే వెంటనే రెండోది కూడా ఇవ్వాలి.

పెళ్లి రోజు సాయంత్రం మా ఆయన కామారెడ్డి నుంచి ఫొటోల పెన్‌డ్రైవ్ తెచ్చాడు. కరెంటు ఉండగానే మెట్ల మలుపులో కూర్చుని ఎక్కించాను. కిటికీ మూసి మూడు బ్రౌజర్లలోనూ చూశాను. అంతకుమించి నేను చూడగలిగింది లేదు. సముద్రం అవతల భోజనాల గది పక్కనున్న ఆ కంప్యూటరు తెర ఏ రంగులో ఉందో నాకు ఎట్లా తెలుస్తుంది?

ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. సిగ్నల్ చూశాను. ఉంది. పేజీ మళ్లీ తెరిచాను. వచ్చింది. మళ్లీ ఫోను చూశాను.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి ఫోను బోర్లా పెట్టి, నా చేతిలో కంచం పెట్టింది. "నువ్వు సూస్తుంటే మోగదు గది. తిను. పిల్లకు పెట్టు."

పాపను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. దాని ముందు గిన్నె పెట్టి, నేను వీధి గుమ్మంవైపు తిరిగాను. వెనకాల చెంచా శబ్దం మొదలైంది. నేనూ ఒక ముద్ద తిన్నాను, ఇంకో ముద్ద తిన్నాను.

ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ముద్ద చేతిలోనే ఉంది. అత్తమ్మ కూడా గిన్నె కడగడం ఆపి నిలబడింది. ఆమెకు ఒప్పందం సంగతి తెలుసు.

వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు. ఫోను బోర్లా పడుకునే ఉంది. రెండోసారి మోగలేదు.

"సూసిండు" అంది అత్తమ్మ, కుళాయి విప్పుతూ.