ఆరు పేజీల రహస్యం

2006లో నేను ఖమ్మంలో ఒక చిన్న కంపెనీకి సర్వీస్ ఇంజనీరును. భద్రాచలం దాటాక అడవిలో క్రైస్తవ సిస్టర్లు నడిపే దవాఖానా ఒకటి ఉండేది. అక్కడి టీకాల ఫ్రిజ్‌లో మా కంట్రోల్ బోర్డు ఉంది. చలి ఎంతుండాలో చూసుకునే అరచేతంత కంప్యూటర్ అది. సెన్సర్ చెప్పేది ఆ కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాంను డ్రైవర్ అంటాం.

ఆ వానాకాలం సెన్సర్ పాడైతే కొత్తది వేసి వచ్చాను. వారానికి, అక్కడ కరెంటు పనులు చూసే జోసెఫ్ ఫోన్ చేశాడు.

"సార్, పొద్దున జూసినా ఐదే, ఎండపూట జూసినా ఐదే. అంకె కదుల్తలేదు."

"ఐదు డిగ్రీలుంటే మంచిదే కదయ్యా."

"గట్లెట్ల ఉంటది సార్? ఆ సెన్సర్ కాగితాలు బస్సుల పంపుండ్రి. బోర్డును కంప్యూటర్‌కు కలిపే కేబుల్ నా దగ్గరుంది, ప్రోగ్రాం నేనే జూస్త."

ఆ కాగితాలు, అంటే డేటాషీట్, ఆరు పేజీలు. నా సంచిలోనే ఉన్నాయి. ఎవరికీ చూపనని కంపెనీకి సంతకం పెట్టాను. "కుదరదు, శనివారం నేనే వస్తా" అన్నాను. నిజానికి సంతకం కంటే నా అహంకారమే అడ్డొచ్చింది. కరెంటు పనివాడు నాకు చెప్పేదేంటి అనుకున్నాను.

ఆ శనివారమే టీకాలు. పక్క గూడెంలో పూజారి మంచిరోజు చెప్పందే పసిపిల్లల్ని పొలిమేర దాటించరు. సిస్టర్ ఆగ్నెస్ రెండేళ్ళు తిరిగి ఆ రోజు చెప్పించుకున్నారు. నేను చేరేసరికి వరండా నిండా తల్లులు. సిస్టర్ టీకా సీసా ఊపి పట్టుకున్నారు. తెల్లటి పొడి అడుగుకు దిగింది. మందు గడ్డకట్టి కరిగిందన్నమాట, ఇక పనికిరాదు.

సంచిలోని కాగితాలు అప్పుడు తీసి చూశాను. కొత్త సెన్సర్‌లో చిప్ మారింది. పాత డ్రైవర్ దాన్ని చదవలేక ఐదు దగ్గరే ఆగిపోయింది. నాలుగుకు దిగితే ఆగాల్సిన ఫ్రిజ్, ఇంకా దిగలేదనుకుని ఆగకుండా నడిచింది. ఈ సంగతి నాలుగో పేజీలో ఉంది. ఇంకొకరికి చూపనని దాచిన కాగితాన్ని అప్పటిదాకా నేనూ చదవలేదు.

మందు చెడిపోయింది, వచ్చే నెల రమ్మని సిస్టర్ అంటే ఒక ముసలమ్మ లేచింది.

"రెండేండ్లు రమ్మని పిలిస్తివి. వస్తే లేదంటివి. పూజారికి ఏమని చెప్పాలె?"

తప్పు నాదని ఆమెకు చెప్పాల్సింది నేను. సంచి తీసుకుని ఫ్రిజ్ గదిలోకి తప్పుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక కాగితాలు జోసెఫ్ చేతిలో పెట్టాను. డ్రైవర్‌లో రెండు లైన్లు మార్చాడు. అరగంట పట్టింది.

గూడెం మళ్ళీ రాలేదు. మరుసటి ఏడు అక్కడ, ఆ టీకా ఆపగలిగే కోరింత దగ్గుతోనే ఒక పసిపిల్ల పోయింది. జోసెఫ్ ఫోన్లో చెప్పాడు. ఇప్పుడు ఏ బోర్డు పెట్టినా కాగితాలు అక్కడే ఇచ్చి వస్తాను. మంచి పద్ధతి అని మెచ్చుకుంటారు. నాకది ఎక్కడ అబ్బిందో ఎవరూ అడగరు, నేనూ చెప్పను.